నిద్ర లేచేసరికి కదులుతున్న పడవ

లంగరు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, అన్నయ్య పెట్టింది. పడుకుందంటే పిడుగు పడ్డా లేవదని, పడవలో అసలు లంగరు ఒకటుండగా ఇది రెండోదని ఏడిపించి ఏడిపించి ఆ పేరు ఖాయం చేశాడు. ఇప్పుడామెకు నలభై ఏడేళ్ళు. ఒక్కర్తే ఉంటుంది. ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తుంది. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు ఆమె చేతి చలవే. అలా పిలిచే మనిషి పోయి నాలుగేళ్ళయింది గానీ, పొద్దున్నే అలారం మోగితే "లేవవే లంగరూ, బస్సు వెళ్ళిపోతుంది" అని తనను తనే పిలుచుకుని లేస్తుంది.

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. "ఏడాదంతా పైకీ కిందికీ పోయే ఉద్యోగం. ఒక్క వారమైనా పక్కకి పోవద్దా?" అనేవాడు. అందుకని పదకొండేళ్ళపాటు, ఏటా సెలవుల్లో ఒక వారం, నది ఒడ్డున అద్దె పడవలిచ్చే రేవులో ఏడో నెంబరు పడవ తీసుకునేవాళ్ళు. అన్నయ్య, వదిన, తను. వేరే పడవలు ఖాళీగా ఉన్నా ఏడో నెంబరే కావాలనేవాడు. అదేమీ గొప్ప పడవ కాదు. వంటగదిలో ఇద్దరు నిలబడాలంటే ఒకరు ఊపిరి బిగబట్టాలి. ఒక కిటికీ గొళ్ళెం ఊడిపోతే అన్నయ్య బూటు లేసుతో కట్టాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆ సంగతి రేవు పెద్దాయనకు చెప్పేవాడు. ఆయన ప్రతిసారీ "చూద్దాం" అనేవాడు. ఆ లేసు ఎనిమిదేళ్ళు అలాగే ఉంది.

ముగ్గురికీ మూడు పనులు. అన్నయ్య చుక్కాని పట్టేవాడు. తను ఒడ్డుకు తాడు విసిరి, దూకి, కట్టేది. వదిన గొణిగేది. ఆవిడ లెక్కల టీచరు, చూపులోనే ఎర్ర ఇంకు ఉండేది. తలగడలు తేమగా ఉన్నాయనేది. కత్తికి పదును లేదనేది. బాతులకు బొత్తిగా సిగ్గులేదనేది. ఒకసారి లంగరు సాయంత్రం తాడు మరీ బిగించి కట్టింది. తెల్లారేసరికి నదిలో నీళ్ళు తగ్గి, పడవ తాడుకు వేలాడుతూ ఓ పక్కకు ఒరిగిపోయింది. బల్లమీది గుడ్లు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి నేలమీద పడ్డాయి. అన్నయ్య నవ్వలేక చచ్చాడు. వదిన రెండురోజులు "నాకు తెలుసు" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఇవన్నీ సరే. లంగరు ప్రాణం కొట్టుకునేది మాత్రం వేరే ఒకదాని కోసం. పొద్దున్నే మెలకువ వచ్చేసరికి పడవ కదులుతూ ఉండేది.

ముందువైపు చిన్న గదిలో బెర్తు ఆమెది. కళ్ళు తెరవకముందే చెవికింది చెక్కలో ఇంజను చప్పుడు సన్నగా వినిపించేది. కళ్ళు తెరిస్తే నీటిమీది వెలుగు పైకప్పుమీద పాకుతూ కనిపించేది. కిటికీలో చెట్లు తీరిగ్గా వెనక్కి నడిచేవి. డీజిలు వాసన, దానిలోంచి టీ వాసన. అప్పుడు ఆ చిన్న తలుపులోంచి అన్నయ్య నడుం వంచి లోపలికొచ్చేవాడు, చేతిలో స్టీలు గ్లాసుతో. "లేవవే లంగరూ, మూడు వంపులు దాటేశాం" అనేవాడు. ఆమె లేచేది కాదు. గ్లాసు గుండెమీద పెట్టుకుని, పడుకునే తాగేది. తన బరువంతా ఎవరో మోస్తున్నారు, తను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఇంతకంటే పెద్ద సుఖం ఆమె ఎరగదు. తీరిగ్గా మొహం కడుక్కుని పైకి వెళ్ళేసరికి అన్నయ్య చుక్కాని దగ్గర నిలబడి ఉండేవాడు, వదిన వంటగదిలో గుడ్లు కొడుతూ గొణుగుతూ ఉండేది.

అన్నయ్య ఒక చలికాలంలో, పని చేస్తున్న లిఫ్టు గదిలోనే గుండె ఆగి పోయాడు. ఆ తరవాత ఆడపడుచుకీ వదినకీ మధ్య మాటలు పొదుపుగా నడిచాయి. "బాగున్నావా", "బాగున్నాను, మీరు". తగాదా ఏమీ లేదు. మొగుడి కోసం ఆ పడవలో వారం రోజులు ఓర్చుకున్న మనిషి, మొగుడు పోయాక తనతో ఏం మాట్లాడుతుందిలే అని లంగరు అనుకుంది. అవతల ఆవిడేం అనుకుందో అడగలేదు.

ఇలా ఉండగా రేవునుంచి ఉత్తరం వచ్చింది. పెద్దాయన ఇక పని చాలిస్తున్నాడు. ఈ సెలవులయ్యాక పడవలన్నీ అమ్మేస్తాడు. పాత వాళ్ళకు ఆఖరిసారిగా ఒక వారం ముందుగా ఇస్తానన్నాడు. ఎప్పటి షరతులే: పడవలో ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, అందులో ఒకరు ఆయన కళ్ళముందు వంతెనదాకా నడిపి వెనక్కి తీసుకురావాలి. అన్నయ్య ఉన్నప్పుడు ఆయన చూడను కూడా చూడకుండా తాళం చేతిలో పెట్టేవాడు.

లంగరు ఆ ఉత్తరాన్ని ల్యాబుకు తీసుకెళ్ళి, ప్లాస్టరు దవడల మధ్య ఆనించి మూడురోజులు చూసింది. ఆమెకు వారం అక్కర్లేదు. ఒక్క ఉదయం కావాలి. ఆ బెర్తులో, పడవ కదులుతుండగా, ఒక్కసారి మెలకువ రావాలి. పడవ అమ్మేశాక ఆ ఉదయం ఇక ఏ ఊళ్ళోనూ దొరకదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడను అడిగింది. ఆవిడకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. కింది వాటాలో ఉండే స్నేహితురాలిని అడిగింది. పడవలో టీవీ ఉంటుందా అందావిడ. చివరికి, వేరే దారిలేక, వదినకు ఫోను చేసింది. చెప్పాల్సిందంతా కాగితంమీద రాసుకుని చదివినట్టే చెప్పింది. నడపడం తను చూసుకుంటానని, పదకొండేళ్ళు చూసిన పనేనని, వదిన ఊరికే రెండో మనిషిగా వస్తే చాలని చెప్పింది.

"ఆ వంటగదిలోనా?" అంది వదిన.

"నాకు తెలుసు వదినా, మీకు ఇష్టం ఉండదు. పోనీ..."

"తలగడలు మనవి మనం తీసుకెళ్దాం" అని ఫోను పెట్టేసింది.

రేవుకు వెళ్ళిన రోజు ఎండ బాగా కాసింది. ఏడో నెంబరు పడవ రంగు వెలిసిపోయి ఉంది, బూటు లేసు మాత్రం చెక్కుచెదరలేదు. వదిన బల్లమీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "ఈ చెక్కలు ఎవరైనా ఎప్పుడైనా తుడిచారా?" అంది. పెద్దాయన విననట్టు తాడు విప్పి పడవెక్కాడు.

లంగరు చుక్కాని కర్ర పట్టుకుంది. పదకొండేళ్ళు చూశాననుకుంది గానీ, తాడు విసిరే మనిషి కళ్ళెప్పుడూ ఒడ్డుమీదే ఉంటాయని, చుక్కానిమీద ఉండవని ఆమెకు అప్పుడే తెలిసింది. కర్రను ఎటు తోస్తే పడవ దానికి ఎదురువైపు పోతుంది. ఆమె కుడివైపుకు పోవాలని కర్రను కుడివైపుకే తోసింది. పడవ తాపీగా ఎడమవైపు తిరిగి తుంగలో దూరింది. పెద్దాయన పొడవాటి గడ ఆనించి వెనక్కి నెట్టాడు. ఈసారి ఆమె కంగారులో ఇంకా గట్టిగా అటే తోసింది. పడవ వెళ్ళి మళ్ళీ అదే తుంగలో, అదే చోట దూరింది.

"అమ్మా, మీలా తాడు విసిరేవాళ్ళను నేనింతవరకు చూడలేదు" అన్నాడు పెద్దాయన మెల్లగా. "అన్నగారంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. కానీ పడవ ఇవ్వలేనమ్మా. మీకేమైనా అయితే నేను బతకలేను."

ఇంత దూరం వచ్చి, ఆ బెర్తుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, తిరిగి బస్సెక్కాలి. తప్పు ఎవరిమీదా పెట్టడానికి లేదు, తన చేతుల్లోనే ఉంది.

వదిన లేచింది. బ్యాగు తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టి, "పట్టుకోండి" అంది. లంగరుతో "జరుగు" అంది.

ఇంజను వెనక్కి తిప్పి తుంగలోంచి పడవను బయటికి లాగింది. ఎదురుగా మరో పడవ వస్తుంటే వేగం తగ్గించి దానికి దారి ఇచ్చింది. వంతెన నడిమి స్తంభాల మధ్యనుంచి తీసుకెళ్ళి, అవతల నది వెడల్పయిన చోట తిప్పి, ప్రవాహానికి ఎదురుగా రేవుకు తెచ్చి, గట్టుకు జానెడు దూరంలో ఆపింది. తల తిప్పకుండానే "తాడు" అంది. లంగరు ఆలోచించేలోపే ఆమె చేతులు తాడు విసిరేశాయి.

పెద్దాయన బ్యాగు తిరిగిచ్చి, ఏమీ అడగకుండా తాళం ఇచ్చాడు.

రేవు కనుమరుగయ్యాక లంగరు అడిగింది.

"ఎప్పుడు నేర్చుకున్నారు వదినా?"

"మొదటి ఏడే."

"నేనెప్పుడూ చూడలేదే."

"నువ్వెప్పుడు లేచావు గనక?"

"పొద్దున్నే పడవ నడిపేది అన్నయ్య కదా."

వదిన నదినే చూస్తూ, క్లాసులో మొద్దు పిల్లకు లెక్క విప్పి చెప్పినట్టు చెప్పింది. "మీ అన్నయ్య నీకు టీ తెచ్చేవాడా?"

"తెచ్చేవాడు."

"పడవ నడుస్తుండగానే?"

"అవును."

"నువ్వు తాగేదాకా కూర్చుని కబుర్లు కూడా చెప్పేవాడు. మరి చుక్కాని దగ్గర ఎవరున్నారనుకున్నావమ్మా? బాతులా?"

లంగరుకు ముందు కోపం వచ్చింది, తన అన్నయ్య చేతిలోంచి ఎవరో ఏదో లాక్కున్నట్టు. పదకొండేళ్ళు, ఏటా ఆరు ఉదయాలు. ఒక్క ఉదయం కూడా ఈ చిన్న ప్రశ్న తనకు తట్టలేదు.

"చెప్పొచ్చుగా" అంది చివరికి.

"ఏమని చెప్పను? మా అన్నయ్య నడుపుతుంటే పొత్తిళ్ళలో పడుకున్నట్టుంటుంది వదినా అని నాతోనే అన్నావు. కాదమ్మా, అది నేనూ అని చెప్పమంటావా? నీకు మీ అన్నయ్య కావాలి. ఉండనీ అనుకున్నా." వదిన కర్రను కొద్దిగా జరిపింది. పడవ వంపు తిరిగింది. "నాక్కూడా ఆ గంటే కావాలి. పేపర్లు దిద్దేది లేదు, ఎవరికీ వండేది లేదు. తెల్లారుతుంటే నీళ్ళమీద నేను ఒక్కదాన్నే. ఆయన మొదటి గ్లాసు నాకిచ్చి, రెండోది నీకు తెచ్చేవాడు. నువ్వు లేచిన అలికిడి వినపడగానే నేను దిగి వంటగదిలోకి పోయేదాన్ని."

"మీకు పడవంటే పడదనుకున్నాను. అస్తమానం గొణిగేవారుగా."

"గొణగడం నా అలవాటు. నాలుగేళ్ళనుంచి సెలవులొస్తే నువ్వు ఫోను చేస్తావేమోనని చూశాను. చెయ్యలేదు. మా అన్నయ్య లేనిచోట ఈవిడతో ఏం పని అనుకుని ఉంటావులే అనుకున్నా."

లంగరు అచ్చం అలాగే అనుకుంది. తాడు చుట్ట విప్పి మళ్ళీ చుట్టింది.

మర్నాడు ఆమెకు మెలకువ వచ్చేసరికి పడవ కదులుతోంది. చెవికింది చెక్కలో ఇంజను. పైకప్పుమీద వెలుగు పాకుతోంది. లేసు కట్టిన కిటికీలో చెట్లు వెనక్కి పోతున్నాయి. కోరుకున్న ఉదయం అంతా, ఒక్కటీ తగ్గకుండా, అక్కడే ఉంది. కానీ డీజిలు వాసనే వస్తోంది, టీ వాసన లేదు. ఆమె అలవాటుగా చిన్న తలుపు వైపు చూస్తూ పడుకుంది. చాలాసేపు చూసింది. ఆ తలుపులోంచి ఎవరూ రారని అప్పుడామెకు పూర్తిగా అర్థమైంది. నాలుగేళ్ళలో మొదటిసారి, తలగడలో మొహం దాచుకుని, అన్నయ్య కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. పడవ మాత్రం ఆగలేదు, నదికి సరిగ్గా మధ్యనే పోతోంది. పోయింది టీ తెచ్చే మనిషి. పడవ నడిపే మనిషి పైనే ఉంది.

ఆమె లేచింది. వంటగదిలో ఊపిరి బిగబట్టాల్సిన పని లేకుండా నిలబడి, పొయ్యి వెలిగించి టీ పెట్టింది. రెండు స్టీలు గ్లాసుల్లో పోసి, మెట్లమీద తొణక్కుండా జాగ్రత్తగా పైకి తెచ్చింది. పదకొండేళ్ళలో ఆమె ఎప్పుడూ చూడని నది అది, ఇంకా ఎండ ముదరని నది. వదిన భుజాన శాలువా కప్పుకుని, తల చెదిరి, చిన్నపిల్లలా నిలబడి ఉంది. ఆవిడ మొహం కూడా తడిగానే ఉంది.

మొదటి గ్లాసు ఆవిడకిచ్చింది.

వదిన ఒక గుక్క తాగి, "చక్కెర మరీ ఎక్కువైంది" అంది. ఇంకో గుక్క తాగింది. "మీ అన్నయ్యా ఇలాగే పోసేవాడు."

"ఎన్ని వంపులు దాటాం?"

"మూడు."

వదిన కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు, ఒకదానిలో గ్లాసు, ఒకదానిలో చుక్కాని. లంగరు తన గ్లాసు కింద పెట్టి కర్ర పట్టుకుంది. నాలుగో వంపు కుడివైపుకు ఉంది. ఆమె కర్రను కుడివైపుకే తోసింది.

"అటు కాదే లంగరూ" అంది వదిన, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే. "ఇటు."