దిగాల్సిన మనిషి

మా ఊరి మున్సిపాలిటీ విమానాశ్రయంలో గోడకి పెద్ద బోర్డు ఉంటుంది. విశ్రాంతి గది, మంచినీళ్లు, చక్రాల కుర్చీ, ప్రయాణికుల సేవలో సదా మీ సిబ్బంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. చక్రాల కుర్చీకి మూడు చక్రాలే ఉన్నాయి. సిబ్బంది అంటే ముఖ్యంగా నేనే. టికెట్లు చూసేదాన్ని, సామాన్లు తూచేదాన్ని, మనుషుల్ని తూచేదాన్నీ నేనే.

మనుషుల్ని తూచడమేమిటని నవ్వకండి. మాది తొమ్మిది సీట్ల బుల్లి విమానం. ఎవరి బరువెంతో తెలియకుండా ఎగరదు. అందరి ముందూ ఇనుప కాటా ఎక్కాలి. లావుపాటి పెద్దమనుషులు జేబులో తాళాలు తీసి మరీ ఎక్కుతారు, తప్పంతా తాళాలదే అన్నట్టు. ఎండ ముదిరితే విమానం మోసే బరువు ఇంకా తగ్గుతుంది. అప్పుడు ఒకరిని దింపాలి. కాగితం మీద రూలు ప్రకారం అందరికంటే చివర టికెట్ కొన్నవాళ్లు దిగాలి. మా మేనేజరు రూలు వేరు. "గొడవ చెయ్యని మనిషిని చూడమ్మా" అంటాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు సర్దుబాటు సారు. కాటా ఎక్కిన మనిషి ముఖం చూస్తే చాలు, నోరెత్తుతారో లేదో నాకు తెలిసిపోతుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నా అంచనా తప్పలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పనితనం చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఆ రోజు ఉదయం మా అక్కకి నగరంలోని కంటి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్క దర్జీ. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది మసకబారుతోంది. ఎవరో దానం చేసే కన్ను కోసం ఏడాదిన్నరగా వరుసలో ఉంది. సాయంత్రం ఆరులోపు వస్తే ఆపరేషన్, లేకపోతే తరవాతి పేరుకి ఇచ్చేస్తామన్నారు. రోడ్డు మీద పదకొండు గంటలు, విమానంలో గంట. రెండు సీట్లు మిగిలుంటే ఒకటి అక్కకి కొన్నాను. ఆ తరవాత రెండోది ఒక కాంట్రాక్టరు కొన్నాడు, రెండు పెట్టెలతో దిగబడి.

మధ్యాహ్నం అందరూ ఎక్కాక పైలట్ లెక్క చూసి తల అడ్డంగా ఊపాడు. "నలభై కిలోలు ఎక్కువ మేడం. ఈ ఎండలో లేవదు."

నేను మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. "సార్, కాంట్రాక్టరే చివర కొన్నాడు. ఆయన్ని దింపక్కర్లేదు, ఆ పెట్టెలు దింపినా సరిపోతుంది."

"అవి మన మున్సిపల్ చైర్మన్ గారి అల్లుడికి వెళ్తున్నాయి. వాటి జోలికి పోకు. ఎవరో ఒకరిని చూడు. నీకు కొత్తా?"

"లోపల మా అక్క ఉంది సార్."

"మీ అక్కని దింపమన్నానా నేను? ఎవరో ఒకరిని అన్నాను."

మెట్లెక్కి లోపలికి తొంగి చూశాను. ముందు సీట్లో లాయరు. ఆయన వెనక చంటిపిల్లతో తల్లి, పక్కనే కళ్లెర్రజేసుకుని భర్త. కాంట్రాక్టరు ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు. మీరు దిగండి అని ఆయనతో అనడానికే నోరు తెరిచాను. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి "ఏంటి?" అన్నాడు.

"ఏం లేదండీ" అన్నాను. నా చూపు అలవాటు కొద్దీ చివరి సీటుకి వెళ్లింది.

అక్క అప్పటికే బెల్టు విప్పుతోంది. నా ముఖం ఆమెకి కనపడి ఉండదు, గొంతు విని ఉంటుంది. "బరువెక్కువైందటే? నేను దిగుతాలే" అంది.

కాదు, కూర్చో అనాలి. అదొక్కటే అనాలి. "రేపు పొద్దున్నే పంపిస్తానక్కా" అన్నాను. రేపు వెళ్లినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అక్క ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగింది. విమానం పెట్టెలతో సహా ఎగిరిపోయింది.

"చూశావా, గొడవే లేదు" అన్నాడు సర్దుబాటు సారు.

రాలేమని ఆసుపత్రికి ఫోన్ చేసి నేనే చెప్పాను. సరే, ఇంకొకరిని పిలుస్తామన్నారు. విశ్రాంతి గదిలోకి వెళ్తే అక్క సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ సారు నిన్నేమీ అనలేదు కదా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. సారు మీద లేవని నోరు, కాంట్రాక్టరు మీద లేవని నోరు, అక్క మీద లేచింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లందరి ముందూ అరిచాను. "ఎవరు దిగమన్నారు నిన్ను? అడక్కముందే లేచి నిలబడతావేం? ఎప్పుడూ ఇంతేనా నీ బతుకు?"

అక్క తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"సరేలేవే, నాదే తప్పు" అంది.