తడి రీలు

ఫిల్మ్ సగం దాకా ఎక్కి ఆగిపోయింది. ముందుకు తోస్తే కదలదు, వెనక్కి లాగితే రాదు. కడిగే ముందు ఫిల్మ్ చుట్టే రీలు గాడిని వేలితో తడిమాను. చెమ్మ తగిలింది. కడిగిన రీలుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకుండా లోపలికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ పనిలో ఎన్నడూ చేయని తప్పు. ఆరిన రీలు బయట కిటికీ గట్టు మీద ఉంది.

ఎర్ర దీపం ప్రింట్లకే గానీ ఫిల్మ్‌కి పనికిరాదు. కడగని ఫిల్మ్ బయట ఉన్నంతసేపూ గదిలో కటిక చీకటి ఉండాల్సిందే. తలుపు తీయకూడదు. తెర వెలుగుతుంది కనుక ఫోను కూడా లోపలికి తెచ్చుకోకూడదు. దాన్ని బయట బల్ల మీద పెట్టి వచ్చాను. హార్షమ్ నుంచి ఈ పూట ఫోను వస్తుంది. అక్కడ గోధుమ గింజలు పరీక్షించే చోట ఉద్యోగం. వాళ్ళు అడగ్గానే అవునో కాదో చెప్పాలి. ఆలోగా ఫిల్మ్ ఎక్కించేయాలన్న తొందరలోనే రీలు తడి చూసుకోలేదు.

ఈ ఉద్యోగం సంగతి మా అన్న క్లెమ్‌కి తెలియదు.

మాది పాత బంగారు గనుల ఊరు. చూడవచ్చిన వాళ్ళు మా స్టూడియోలో పాతకాలపు లేసు కాలర్లూ నల్ల కోట్లూ తొడుక్కుని రంగుల తెర ముందు నిలబడతారు. క్లెమ్ ఫోటో తీస్తాడు. మిగతాది నా పని. వేగమైన ఫిల్మ్, ఘాటైన డెవలపర్ మందు, ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ వెచ్చదనం, ఫిల్మ్ కడిగే ట్యాంకుని గట్టిగా కుదపడం. అప్పుడు మిరియాల పొడి చల్లినట్టు రేణువులు పైకి లేస్తాయి. ప్రింటుని పలచటి టీలో ముంచుతాను. పొద్దున నవ్వుతూ దిగిన మనిషి సాయంత్రానికి చచ్చి వందేళ్ళయినట్టు కనిపించాలి. క్లెమ్ తనే కడిగి చూశాడొకసారి. అందరికీ కామెర్లొచ్చినట్టు వచ్చాయి. వాళ్ళావిడ వెళ్ళిపోయిన ఏడాది, "నువ్వుంటే చాలు నెరిస్, కొట్టు నడుస్తుంది" అన్నాడు. అందులో బలవంతం లేదు. అందుకే దానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు.

తలుపు మీద వేలితో కొట్టాడు.

"ఏమే గబ్బిలం, ఉన్నావా పోయావా?"

"తలుపు ముట్టుకోకు. ఫిల్మ్ బయటుంది."

"బెండిగో నుంచి ఫోటోకి వచ్చినవాళ్ళు బేకరీకెళ్ళారు. వాళ్ళలో ముసలావిడ కట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకుని మరీ ఫోటో దిగింది. అసలైన పాత ఫోటోలా ఉండాలట."

"నవ్వించకురా. చేతులు కదులుతాయి."

అప్పుడు ఫోను మోగింది. క్లెమ్ అడుగులు బల్ల వైపు వెళ్ళాయి. గొంతు మర్యాదగా మారింది. "కాదండీ, వాళ్ళన్నయ్యని." తర్వాత ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. అడుగులు మళ్ళీ తలుపు దగ్గరికి, ఈసారి నెమ్మదిగా.

"నెరిస్. హార్షమ్ నుంచి. ఉద్యోగం నీకేనట. వస్తావా అని ఆవిడెవరో అడుగుతోంది."

ఫిల్మ్ అంచుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"ఏం చెప్పమంటావు?"

"ఫిల్మ్ బయటుందని చెప్పు."

"గోధుమల వాళ్ళకి అదేం అర్థమవుతుందే? ఈ పూట చెప్పకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారట. ఆవిడ లైన్లోనే ఉంది."

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఈ పని మొదలుపెట్టిన వారానికే ఎవరికైనా తెలుస్తుంది. రీలుని రెండు పలకలుగా విప్పి, ఇరుక్కున్న ఫిల్మ్‌ని విడదీసి, ఊరికే ట్యాంకులో వదిలి మూత పెట్టేయాలి. ఆ మూతలోంచి వెలుతురు చొరబడదు. దీపం వేసుకోవచ్చు, తలుపు తీసుకోవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు. ఇరుక్కుందని తెలిసిన క్షణం నుంచీ నాకది తెలుసు. అయినా ఫిల్మ్‌ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. అది చేతిలో ఉన్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగకూడదు.

విడదీశాను. ట్యాంకులో వదిలి మూత తిప్పాను. టక్కుమని పడింది.

ఆ చప్పుడు క్లెమ్‌కి బాగా తెలుసు. దానికోసమే తలుపు బయట ఎన్నోసార్లు కాచుకుని నిలబడ్డాడు.

"మూత పెట్టేశావుగా," అన్నాడు మెల్లగా. "ఇక రావచ్చు."

గడియ మీద చెయ్యి వేశాను. అవతల వెలుతురు, అందులో క్లెమ్ ముఖం, అతని చేతిలో ఫోను. హార్షమ్‌లో నేను అద్దెకు తీసుకోబోయే గదిని ఊహించుకోబోయాను. కిటికీ వచ్చింది, మంచం వచ్చింది. మనిషి రాలేదు. ఆ గదిలో నన్ను నిలబెట్టి చూస్తే, టీలో ముంచిన ముఖమే కనిపించింది.

"రానని చెప్పు," అన్నాను.

అతను వెంటనే ఫోనులో చెప్పలేదు. "నిజంగానా? నా గురించైతే వద్దు. ఎవరినో ఒకరిని పెట్టుకుంటాను. కామెర్ల ఫోటోలే అమ్ముకుంటాను పో."

"నిజంగానే."

"ఇంకోసారి అడుగుతున్నా నెరిస్."

"చెప్పేయ్."

అతను చెప్పాడు. నాకంటే మర్యాదగా, నాకంటే బాధగా చెప్పాడు. అడుగులు కొట్టు ముందుభాగంలోకి వెళ్ళిపోయాయి. నేను దీపం వేయలేదు. చెమ్మ రీలుని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాను. అది ఆరదని తెలుసు. ఇన్నాళ్ళూ క్లెమ్ మీద చిన్న కోపమొకటి దాచుకుంటూ వచ్చాను, వెళ్ళనివ్వడని. ఇప్పుడు ఆ కోపం పెట్టుకోవడానికి చోటు లేదు.