కూర్చుని చేయించిన పని

రెబెకా టీచరుగారికి మనుషులంటే పడదని రాజోలులో ఒక మాట ఉంది. శుద్ధ అబద్ధం. ఆవిడకి పడనిది సలహాలిచ్చే మనుషులు. ఊళ్ళో సగం మంది ఆ జాతే అయితే ఆవిడ తప్పా?

ఆ జాతికి పెద్ద, ఆవిడ బావగారు ఆనందరావు. అక్క సత్యప్రియ భర్త. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. అయినా చర్చి ప్రహరీ కట్టినా, ఎదురింటివాళ్ళు బోరు వేయించుకున్నా, "దగ్గర కూర్చుని చేయించేనండి" అంటాడు. కుర్చీ వేయించుకుని, కాఫీ తాగుతూ, పనివాడి వెలుతురుకి అడ్డంగా కూర్చోవడాన్ని ఆయన భాషలో చేయించడం అంటారు.

ఇప్పుడాయన కన్ను మామగారి కారు మీద పడింది. అక్కచెల్లెళ్ళ తండ్రి జీవరత్నం లెక్కల మాస్టారు. కాకినాడ వదిలి వెళ్ళిపోతున్న ఓ కంపెనీ ఇంజనీరు దగ్గర మోజుపడి కొన్న ఎర్ర ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు. బతికున్నన్నాళ్ళూ కూతుళ్ళిద్దర్నీ వంతులవారీగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు గానీ, స్టీరింగు మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయాక కారు షెడ్డులో పడుంది. ముందు చక్రాల దగ్గర అంతా అరిగిపోయి, కాస్త కదిపితే చాలు, స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

"దిండిలో రిసార్టువాళ్ళు అడుగుతున్నారమ్మా," అన్నాడు ఆనందరావు. "చక్రాలు పీకేసి గేటు దగ్గర దిమ్మ మీద పెడతారంట. కొత్త జంటలు ఎక్కి ఫొటోలు దిగుతారు. నేను మాటిచ్చేసేను."

రెబెకాకి ఒళ్ళు మండిపోయింది. నాన్న కారు ఎవరి సెల్ఫీకో పీటా! "నేను బాగుచేసి నడుపుకుంటానండి," అంది. నడపడం స్కూలు వ్యాను మీద, మరమ్మతు నాన్నకి పానాలందిస్తూ ఎప్పుడో నేర్చుకుంది.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వా? సరే. ఈస్టరు ఆరాధనకి దాన్ని నువ్వే నడుపుకుంటూ రా. వస్తే బండి నీది. రాలేదా, సోమవారం దిండికి పోద్ది."

సత్యప్రియ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మొగుడి ముందు ఏదైనా అనడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

మర్నాటి నుంచి షెడ్డులో దర్బారు మొదలైంది. ఆనందరావుకి ఒక కుర్చీ, పక్కింటి శివశంకర్‌కి ఒక కుర్చీ. శివశంకర్‌కి రొయ్యల చెరువులు ఉన్నాయి గానీ సొంత అభిప్రాయాలు లేవు. ఎవరేమన్నా "ఆయ్" అంటాడు. రెబెకా జాకీ పెట్టి, ముందు చక్రాలు విప్పి, వాటిని పట్టి ఉంచే ఇనప చేతులు, ఆ చేతుల కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు ఒక్కొక్కటే ఊడదీస్తుంటే ఇద్దరూ పైనుంచి పురాణం చెప్పారు.

"ఆ రబ్బరికి బాగా గ్రీజు పట్టించమ్మా."

"గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పాడైపోద్దండి బావగారూ."

"అయినా కాస్త పట్టించు."

"ఆయ్," అన్నాడు శివశంకర్.

ఆ కీళ్ళలో అరిగిన పిన్నులకు బదులు అమలాపురం లేత్ షాపులో కొత్తవి చేయించుకొస్తానంటే, అక్కడ చెయ్యరన్నారు. చేయించుకొచ్చాక, ఎన్నాళ్ళో ఆగవన్నారు. రబ్బరు బుష్షులు పార్సిల్లో వస్తే, బొత్తిగా చిన్నవన్నారు. అవి నోళ్ళా తాటిమట్టలా!

ఒక సాయంత్రం, దర్బారు లేచిపోయాక, రెబెకా పాత బుష్షులన్నీ వరసగా పేర్చి చూసింది. అన్నీ ఒకే వైపు మెలితిరిగి, ఒకే చోట చిరిగి ఉన్నాయి. నాన్న ఏడాదికోసారి కొత్తవి వేసేవాడు. అవి చిరిగిపోగానే గవర్నమెంటు రోడ్లను తిట్టేవాడు. బండిని జాకీ మీద వేలాడదీసి, అలాగే నట్లు బిగించేసేవాడు. అలా బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టేసుకుంటుంది. కిందికి దించగానే బండి బరువుకి మెలిపడుతుంది. రాత్రింబవళ్ళు మెలిపడి ఉన్న రబ్బరు చిరక్కేం చేస్తుంది?

"నువ్వూ అంతేనా నాన్నా," అంది పైకే. ఊరందరికీ లెక్కలు చెప్పిన మనిషి! ఆడపిల్లల చేతికి స్టీరింగు ఇవ్వనన్నాయనకి నట్టు ఎప్పుడు బిగించాలో తెలియదు. ఆవిడకి కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

బండి చక్రాల మీద నిలబడి, మనుషులెక్కినంత బరువు మీద ఉన్నప్పుడు బిగించాలి. కింద దూరడానికి గొయ్యి తీద్దామంటే, కోనసీమలో గొయ్యి తీస్తే కప్పలు కాపురం పెడతాయి. అందుకని ఈస్టరు ముందు శనివారం నాలుగు చక్రాల కిందా కొబ్బరి దూలాల ముక్కలు పేర్చి, బండిని వాటి మీదికి దించింది. ఇక బరువు కావాలి. తలెత్తి చూస్తే ఎదురుగా రెండు కుర్చీలు, వాటి నిండా మనుషులు.

"బావగారూ, శివశంకర్‌గారూ, ఒక్కసారి బండెక్కండి," అంది.

ఆనందరావు మొహం వెలిగిపోయింది. సీటు రుమాలుతో దులుపుకుని, స్టీరింగు ముందు దర్జాగా కూర్చున్నాడు. "చివరికి మగాడి చెయ్యి పడాల్సొచ్చింది. చూసేవా?"

"ఆయ్," అన్నాడు పక్కన శివశంకర్.

బండి ముందుభాగం మెల్లిగా కుంగింది. రెబెకా పానా తీసుకుని కింద దూరింది.

"స్టార్ట్ చెయ్యమంటావా?"

"వద్దండి."

"పోనీ గేరు మార్చి చూడనా?"

"ఏదీ ముట్టుకోకండి."

"మరి మేమేం చెయ్యాలమ్మా?"

"కూర్చోండి బావగారూ. బరువు కోసం ఎక్కించేను. బరువు మీదుండగా బిగించాలండి. ఇసక బస్తాలైనా చాలు గానీ, వాటిని మోసుకు రావాలి కదండీ. మీరైతే నడిచొచ్చేరు."

కాఫీ తెచ్చిన సత్యప్రియ గుమ్మంలోనే ఆగిపోయి, పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. రెబెకా నట్లన్నీ ఒక్కొక్కటిగా బిగించింది. తొందరేమీ పడలేదు. ఆ ఇద్దరూ జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చారు, మధ్యలో లేపడం ఎందుకు?

ఈస్టరు రోజు ఎర్ర కారు కాలవగట్టు మీద తిన్నగా వచ్చి చర్చి ముందు ఆగింది. స్టీరింగు ఒక్కసారి కూడా వణకలేదు.

ఆరాధన అయ్యాక జనం కారు చుట్టూ మూగారు. వస్తుందో రాదో చూద్దామని పొద్దున్నుంచీ గేటు దగ్గర కాపు కాసిన శివశంకర్ కూడా వాళ్ళలో ఉన్నాడు. సిగ్గన్నది ఆనందరావు ఛాయలకే రాదు కదా, బానెట్టు మీద చెయ్యేసి అందుకున్నాడు: "ముందుభాగం అంతా నేనే దగ్గర కూర్చుని చేయించేనండి."

"నిజమేనండి," అంది రెబెకా. "బావగారు కూర్చోకపోతే అయ్యేదే కాదు."

మాట పొగడ్తో కాదో తేల్చుకోలేక ఆయన ఇకిలించాడు. "సర్లే, పద. ఇంటి దగ్గర దింపు," అంటూ పక్కసీటు తలుపు దగ్గరకి వచ్చాడు.

సత్యప్రియ ఆయన్ని పక్కకి తప్పించి, తలుపు తీసుకుని లోపల కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు గట్టిగా వేసింది.

"రెండే సీట్లు," అంది. "మీరు ఆటోలో కూర్చుని రండి."

"ఆయ్," అన్నాడు శివశంకర్.