చెల్లని పటం

నేను ఒక పటాన్ని. కొండాయిగూడ పురపాలక సంఘం సమావేశపు గదిలో చాలాకాలం గోడకు వేలాడాను. నన్ను గీసింది సర్వేయర్ ఖాజా సాబ్. అప్పటికి కొండాయిగూడ ఇంకా పంచాయతీయే. ఆయన మూడు నెలలు గట్ల వెంట తిరిగి, వానొస్తే నీళ్లు ఎటు పారతాయో మేకల కాపరులను అడిగి తెలుసుకుని, ఆ వరద కాలువను నా మీద నీలం సిరాతో గీశాడు.

తర్వాత నగరం మా మీదికి పొర్లింది. పొలాలు ప్లాట్లయ్యాయి. కాలువ మీద ఇళ్లు లేచాయి, ఒక ఫంక్షన్ హాలు కూడా లేచింది. అనుమతులన్నీ నా ఎదుటే ఇచ్చారు. ఒక్కరైనా తలెత్తి నన్ను చూస్తే కదా!

కిందటేడు వానకు పల్లపు కాలనీ మునిగింది. అంగన్‌వాడీ పిల్లలను బల్లల మీద నిలబెట్టి కాపాడింది అక్కడి ఆయమ్మ. ఆ వార్డు సభ్యురాలు బాలమణి, పిండి గిర్నీ నడుపుకునే మనిషి, తర్వాతి సమావేశానికి బురద చెప్పులతోనే వచ్చింది. ఎజెండాలో మొదటి అంశం స్వాగత ద్వారం. రెండోది ఊరి పేరుతో వెలిగే అక్షరాలు. మూడోది డివైడర్లకు రంగులు.

"కాలువ ముచ్చట ఏ నంబరు మీదున్నది, అన్నా?" అని అడిగింది.

"ఊరు పెరుగుతున్నది గద అక్కా. ముందుగాల వచ్చెటోళ్లకు మంచిగ కనవడాలె," అన్నాడు చైర్మన్ రాజేశ్వర్.

"మరి మునిగెటోళ్లు ఎవ్వలకు కనవడాలె?"

ఆమె నన్ను గోడ మీంచి దించి బల్ల మీద పరిచింది. కమిషనర్ కళ్లద్దాలు సర్దుకుని, "పాత పటం మేడమ్, ఇది చెల్లదు," అన్నాడు. చెల్లనిదాన్ని ఇన్నేళ్లు గోడకెందుకు పెట్టుకున్నట్టు? చివరికి ఒక కమిటీ వేశారు. అది ఒక్కసారీ కూర్చోలేదు.

ఈ శ్రావణంలో కుండపోత. నీళ్లు పొల్లుపోకుండా నా గీత వెంటే వచ్చాయి. అప్పుడు మాత్రం చెల్లాను! కమిషనర్ నన్ను చంకన పెట్టుకుని వానలో పరుగెత్తి, జేసీబీ ముందు విప్పి, "ఇటు తవ్వు, ఇటు!" అని అరిచాడు. రెండు వీధుల్లో నీళ్లు దిగాయి. ఫంక్షన్ హాలు ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి వాన ఆగింది. తవ్వడమూ ఆగింది.

తడిసిన నన్ను స్టోర్ రూములో పడేశారు. స్వాగత ద్వారం మాత్రం అనుకున్న తేదీకే లేచింది. ఆ ప్రారంభానికి బాలమణి వెళ్లలేదు. ఖాజా సాబ్‌ను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆయనకు చూపు మందగించింది. నన్ను కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. నీలం సిరా కాగితమంతా అలుక్కుపోయింది.

"ఫంక్షన్ హాలు మీద కేసేస్తే కోర్టుల ఇది నిలవడతదా, సాబ్?"

"నిలవడదు బేటా," అని నన్ను కింద పెట్టాడు. "కాలువైతే ఆడనే ఉన్నది గద. మళ్ల కొలుద్దాం. నాకు అంకెలు కనవడయి. నువ్వు చదువు, నేను నీతోని గీయిస్త."

కొలత టేపు పట్టుకుని ఆమె, ఆమె భుజం పట్టుకుని ఆయన, ఫంక్షన్ హాలు వైపు బయల్దేరారు. నేలమీద పడి ఉన్న నన్ను ఇద్దరూ మరిచిపోయారు. నన్ను మరిచిపోయినందుకు, ఇన్నేళ్లలో మొదటిసారి, నాకు కోపం రాలేదు.