మూడో రంగంలో మారుమనస్సు

మా లూథరన్ చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవానికి ఏటా నాటిక రాసేది నేనే. ఎవరూ అడక్కపోయినా రాస్తాను, అది వేరే సంగతి. పాస్టరమ్మగారి షరతు ఒక్కటే: చివర్లో ఎవరో ఒకరు తప్పు ఒప్పుకుని మారుమనస్సు పొందాలి. రెండువేల మూడులో ఆ మారుమనస్సు మా అత్తగారికి ఇచ్చాను.

అత్తగారి పేరు పెట్టలేదు లెండి. సుందరమ్మ అన్నాను, ఊరు పాలకొల్లు చేశాను. మాటలు మాత్రం మార్చలేకపోయాను. నాకు టీచరుద్యోగం వచ్చిన రోజున మా అత్తగారు ఏసమ్మ, "ఉద్యోగం నీదీ, పొయ్యి నాదీనా?" అన్నారు. ఎనిమిదేళ్ళయినా ఆ మంట నాలో చల్లారలేదు. పైగా ఆ మాట తీసేస్తే రెండో రంగంలో జనం నవ్వే చోటే లేదు. రాసేవాళ్ళ దురాశ అలాంటిది.

మా ఆయన శ్యాంబాబు చదివి పకపకా నవ్వారు. ఉన్నట్టుండి ఆపేశారు.

"రూతూ, ఇది మా అమ్మ కదా? తెలిసిందంటే సంచీ సర్దుకుని యానాంలో చెల్లి ఇంటికి పోద్ది. మళ్ళీ ఈ గడప తొక్కదు."

అప్పటికే కాపీలు పంచేశాం. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. రాసినవాళ్ళ ఇంట్లోనే రిహార్సల్సు పెట్టడం మా సమాజం ఆనవాయితీ. మా వరండాలో సుందరమ్మ వేషం వేసే పాపాయి అనే ఆవిడ గొంతెత్తి ఆ మాట అంటుంటే, అత్తగారు ఓ మూల కూర్చుని లేసు అల్లుకునేవారు. తలెత్తేవారు కాదు. ఆవిడ చేతిలో సూది ఒక్క క్షణం ఆగితే చాలు, పసిగట్టేశారనుకునేదాన్ని. భోజనాల దగ్గర భయంకొద్దీ నేనే ఏదో ఒకటి వాగేదాన్ని. ఆవిడ "చారు పోసుకో" అనేవారు, అంతే. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఏడింటి నరసాపురం బస్సెక్కితేగానీ నాకు ఊపిరాడేది కాదు.

తీరా నాటిక రోజు సాయంత్రం పాపాయికి జ్వరం. నిలబడలేకపోతోంది. ఆపేద్దామన్నాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే అన్నాను. ముందు వరసలో కూర్చున్న అత్తగారు లేసు మడిచి సంచీలో పెట్టి లేచారు.

"నేను వేస్తానండి పాస్టరమ్మగారూ. ఆ మాటలన్నీ నాకొచ్చు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఊరందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేస్తారేమో, అట్నుంచటే యానాం బస్సెక్కేస్తారేమో అని ఒకటే దడ.

తెర పక్కన నిలబడి మాటలందించేది నేనే. ఆవిడకు ఒక్కటీ అందించాల్సిన పని లేకపోయింది. "ఉద్యోగం నీదీ, పొయ్యి నాదీనా?" అనగానే హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులు అణిగేదాకా ఆవిడ కదలకుండా నిలబడ్డారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మూడో రంగం వచ్చింది. కోడలి వేషంలో ఉన్న దీవెన చెయ్యి పట్టుకుని, సుందరమ్మ "నన్ను క్షమించమ్మా" అనాలి. అత్తగారు అనలేదు. మరిచిపోయారేమోనని అందించాను. ఇంకాస్త గట్టిగా అందించాను. ఆవిడ నా వైపు తిరిగి చూశారు. వినబడినా కావాలనే అనడం లేదని అప్పుడు అర్థమైంది.

"ఆ మాట అన్నాను. లేదనను," అన్నారు దీవెనతో, నెమ్మదిగా. "మర్నాటి నుంచీ నాలుగింటికే లేచి నీకు క్యారేజీ కట్టిందెవరు? ఎనిమిదేళ్ళలో ఒక్క పూట మానానా? అది మాత్రం ఎక్కడా చెప్పలేదేంటమ్మా నువ్వు?"

అదీ నాటికలోదే అనుకున్నారు జనం. దీవెన కాపీలో దానికి జవాబు లేదు. పాపం, బెదిరిపోయి నా వైపు చూసింది, ఏమనాలో అందించమని.

సిగ్గుతో చచ్చిపోయాను. కాగితాలన్నీ తిరగేసినా పనికొచ్చే మాట ఒక్కటే ఉంది, అదీ నేను అత్తగారి కోసం రాసింది. అదే అందించాను.

దీవెన హాలంతా వినబడేలా అంది. "నన్ను క్షమించండి అత్తయ్యా."

అత్తగారు దీవెనను చూడలేదు. తెర పక్కనున్న నన్నే చూస్తూ, "సర్లే. రేపు క్యారేజీలోకి ఏం కూర చెయ్యమంటావు?" అని అడిగారు.

తెర లాగేశాను.