పేరు చివరి మాట

ప్రింటరు బల్ల తుడవబోతూ, కింద పడ్డ కాగితాలు ఏరింది ఆమె. మరిది రిటైరయ్యాక కంప్యూటర్లో వంశవృక్షం వేస్తున్నాడు. పుస్తకంగా చేసి బంధువులందరికీ పంచుతాడట. ఎవరికి ఎవరేమవుతారో వంటింట్లోంచి ఆమే చెప్పింది. మధ్యమధ్య టీ కూడా ఇచ్చింది.

ఆమెకు చదువు జుట్టు నెరిశాక వచ్చింది. "ఇప్పుడు నువ్వు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అని భర్త ఉన్నన్నాళ్లూ అన్నాడు. ఆయన పోయాక, అనేవాళ్లు లేక నేర్చుకుంది. వేలుపెట్టి కూడబలుక్కుంటూ చివరి పేజీ చదివింది. ఇంటిపేర్ల వారీగా మనుషులున్నారు. భర్త ఇంటిపేరు కింద ఆయన ఉన్నాడు, ఆమె లేదు. పుట్టింటి పేరు కిందా లేదు. ఇంకో ఇంటిపేరు కింద దొరికింది: విధవ. పక్కనే అత్తగారు, చిన్నత్తగారు, ఆడపడుచు, అందరూ ఒకే ఇంటివాళ్లలా. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. చచ్చిన పన్నుకు చన్నీళ్లు తగిలినట్టుంది.

కాగితం చూపిస్తే మరిది పకపకా నవ్వాడు.

"ఈ కంప్యూటర్ మొహం, దీనికేం తెలుసు వదినా! ఇంగ్లీషు పద్ధతిలో దీనికి ఇంటిపేరంటే పేరు చివరి మాట. డాక్టరు, జూనియరు అని ఉంటే పోల్చుకుంటుంది. మీ పేర్ల చివర నేను చేర్చిన మాట తెలీక ఇంటిపేరనుకుంది. ఇదీ అలాంటిదేనని నేర్పిస్తే మిమ్మల్నందర్నీ మనింట్లోకి తెచ్చేస్తుంది."

"పోనీలే అక్కా, మీకంటూ ఓ ఇంటిపేరొచ్చింది," అంది తోటికోడలు గుమ్మంలోంచి.

పెళ్లిలో ఒక ఇంటిపేరు పోయింది. తర్వాత పెద్దకోడలా అన్నా, ఏమేవ్ అన్నా పలికింది. "పలికేదానికి పేరుతో పనేమిటే" అనేవారు అత్తగారు.

"మీ పెదనాన్నకి ఇద్దరు భార్యలు పోయారుగా. ఆయన పేరు చివర ఏముంది?"

"జడ్జి."

"నా పేరు చివర మాట తీసెయ్."

"తీసేస్తే అన్నయ్య పోయాడని తెలిసేదెలా?"

"ఆయన పేరు పక్కన రాయి. పోయింది ఆయన."

పాలు పొంగుతున్నాయని చెప్పినట్టే చెప్పింది. మరిది నవ్వడం ఆపి, ఆ మాట చెరిపేశాడు.

"చాలా?"

"అత్తయ్యదీ తీసెయ్."

"అమ్మ ఆ మాటకి ఎప్పుడూ ఏమీ అనలేదే!"

ఆమె తడిగుడ్డ బకెట్లోకి పిండింది.

"ఆవిడకి చదవడం రాదు నాయనా."