గాజుపలకంటే నాకు కుళ్లు

నేను ఒక డ్రాఫ్టర్‌ని, ఇంజనీరింగ్ బొమ్మలకి గీతలు గీసే పరికరాన్ని. మడతపడే ఇనుప చేతులు, వాటి చివర అడ్డంగా ఒక స్కేలు, నిలువుగా ఒక స్కేలు, అదీ నా రూపం. ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లు మొదటి ఏడాది నన్ను భుజాన తగిలించుకుని తిరుగుతారు, రేపే వంతెన కట్టబోతున్నట్టు. ఏడాది కాగానే జూనియర్లకి అంటగడతారు. కాలిక్యులేటర్‌ని మాత్రం నాలుగేళ్లూ వదలరు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

కానీ నా అసలు కుళ్లంతా గాజుపలక మీదే. కాకినాడ హాస్టల్లో, ఊడిపోయిన కిటికీది. దాన్ని రెండు బకెట్ల మీద పెట్టి, కింద బల్బు వెలిగించి, పైన సీనియర్ గీసిన షీటు, దానిమీద తెల్లషీటు పరిచేవారు. కనిపించే గీతల మీద పెన్సిల్ పోనిస్తే చాలు, బొమ్మ తయారు. ఏ పనీ చెయ్యని ఆ పలకని ముద్దుగా తుడిచి దాచేవారు. నాకేమో తడి తువ్వాళ్లు తగిలించేవారు.

నా మూడో యజమాని సత్యవేణి. సామర్లకోట పిల్ల, మెకానికల్. క్లాసంతా సాఫ్ట్‌వేర్ అని కలవరిస్తుంటే, తను మాత్రం డిజైన్ ఇంజనీరే అవుతానని కూర్చుంది. "నేను గీసిన పంపు పొలాల్లో నీళ్లు తోడాలే," అనేది గదిలో ఉండే పావనితో. ఇక నా రోజు వచ్చిందని పొంగిపోయాను. ఏం లాభం? షీట్లు ఇవ్వాల్సిన వారం రాగానే ఆ పిల్లా గాజుపలక ముందే చేరింది. ఒకసారైతే సీనియర్ రోల్ నంబరు కూడా దించేసింది. సార్ తిడుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో.

అయినా నన్ను ఏ జూనియర్‌కీ అంటగట్టలేదు, చదువయ్యాక ఇంటికి తెచ్చి అటకెక్కించింది. రాజమండ్రిలో పంపులు చేసే ఓ చిన్న కంపెనీ తనని ఇంటర్వ్యూకి పిలిచింది. లాప్‌టాప్ పట్టుకుని ధీమాగా వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చింది. అక్కడి పెద్దాయన రామభద్రం గారు బల్ల మీద పాత పంపు మూత పెట్టి, ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి ఎలా ఉంటుందో కాగితం మీద గీయమన్నారట. తనకి చెయ్యి ఆడలేదట.

"గీతలు దించేనే గాని, వస్తువుని ఎప్పుడూ చూళ్లేదే అక్కా," అని ఇంట్లో వాళ్లక్క దగ్గర ఏడ్చింది. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారట.

మర్నాడే అటక మీంచి నన్ను దింపింది. తుప్పు గీకి, కీళ్లకి కొబ్బరినూనె రాసింది. కుళాయి, కుక్కర్ మూత, కుట్టుమిషను చక్రం, అన్నీ బల్లెక్కాయి. తిప్పి చూడటం, నా స్కేలు ఆనించి గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. అంత వైభోగం నేనెరగను. ఆ గాజుపలక చూసి చావాల్సింది అనుకున్నాను.

రెండోసారి నన్ను సంచిలో పెట్టుకుని వెళ్లింది. నన్ను బయటికి తియ్యబోతుంటే రామభద్రం గారు ఆపారు.

"అదెందుకమ్మా, సంచిలోనే ఉండనీ. ఉత్త చేత్తో గియ్యి, చూద్దాం."

నా గుండె జారిపోయింది. తనకి మాత్రం ఏమీ జారలేదు. మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పెన్సిల్ కదిలే చప్పుడు సంచిలోంచి విన్నాను. అది ఎక్కడా తడబడలేదు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది.

"సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా."

ఇప్పుడు సత్యవేణి గదిలో మేకుకి వేలాడుతున్నాను. ఇంటికి రాగానే తన కంపెనీ కార్డు నా చేతికే తగిలిస్తుంది. దాని మీద 'డిజైన్ ఇంజనీర్' అని ఉంటుంది. గాజుపలక మీద కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా కుళ్లంతా తన వేళ్ల మీద. నా దగ్గరే గీత నేర్చుకుని, నన్ను సంచిలో కూర్చోబెట్టి, ఉద్యోగం అవి కొట్టేశాయి.